టెన్నెసీ వాకర్‌ను ఫీల్డ్ ట్రయల్ గుర్రంగా తయారు చేయడం: ఆగస్టు నుంచి మార్చి దాకా డైరీ

మేముండేది పశ్చిమ టెన్నెసీలో, ఫయెట్ కౌంటీలో. దగ్గర్లోనే గ్రాండ్ జంక్షన్, దాని పక్కనే 18 వేల ఎకరాల పైచిలుకు ఏమ్స్ ప్లాంటేషన్. పిట్టల వేట కుక్కలకి పెట్టే పోటీలనే ఫీల్డ్ ట్రయల్స్ అంటారు. వాటిలో అమెరికాలో పెద్దపీట వేసే నేషనల్ చాంపియన్‌షిప్ 1915 నుంచి అక్కడే నడుస్తోంది. పాయింటర్, సెట్టర్ జాతుల కుక్కల్ని జతలుగా వదులుతారు. ఒక్కో జతకి మూడు గంటలు. పొద్దున ఒక జత, మధ్యాహ్నం ఒక జత. కుక్క కొన్ని వందల గజాల దూరం పరిగెత్తి, బాబ్‌వైట్ కౌజు పిట్టల వాసన తగిలిన చోట కదలకుండా నిలబడిపోవాలి (దీన్నే పాయింట్ పెట్టడం అంటారు). హ్యాండ్లర్, అంటే కుక్కని నడిపే మనిషి, గుర్రం దిగి, పొదలోంచి పిట్టల్ని లేపి, ఖాళీ తూటా పేలుస్తాడు. అప్పుడు కూడా కుక్క కాలు కదపకూడదు. జడ్జీలు, హ్యాండ్లర్లు, తప్పిపోయిన కుక్కని వెతికే స్కౌట్లు, వెనక చూసేవాళ్ళు, అందరూ గుర్రాల మీదే ఉంటారు.

మూడు గంటలు ట్రాట్ (మూలగా ఎదురెదురు కాళ్ళు జతగా పడే కుదుపు నడక) గుర్రం మీద ఎగిరెగిరి పడితే నడుం మిగలదు. అందుకే ఈ రంగంలో ఎక్కువమంది సాఫీ నడక జాతుల గుర్రాలు, టెన్నెసీ వాకర్లు, మిస్సోరీ ఫాక్స్ ట్రాటర్లు వాడతారు. అయితే కుక్కలకీ పిట్టలకీ అలవాటుపడ్డ గుర్రం ధర మామూలు ట్రెయిల్ గుర్రం (బాటల్లో సవారీకి వాడేది) ధరకి రెట్టింపు దాకా పోతుంది. నేను ట్రెయిల్ గుర్రాన్నే కొని తయారు చేసుకున్నాను. ఇదే దారిలో వచ్చేవాళ్ళకి ఈ కొలతలు పనికొస్తాయి. ఇండియాలో రేవాల్ అనే సాఫీ నడక ఉన్న మార్వారీ, కాఠియావాడీ గుర్రాలు పెంచుకునేవాళ్ళకీ చాలావరకు పనికొస్తాయి. అక్కడ వేట మాత్రం కుదరదు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. నడక కొలవడం, జీను సరిపెట్టడం, చప్పుళ్ళకి నిలబెట్టడం మాత్రం ఎక్కడైనా ఒకటే.

పక్క ఫారంలో ఒక పెద్దాయన ఉన్నారు. జీవితమంతా కుక్కలు నడిపిన మనిషి. గుర్రాన్ని చూసి ఒకే మాట అన్నారు: "నడక దాని ఒంట్లోనే ఉంది, దాని గురించి బెంగపడకు. నిలబడటం నేర్పు." డైరీలో సగం పైగా ఆ రెండో మాట గురించే.

దశ 1. మొదటి కొలతలు (ఆగస్టు)

గుర్రం పేరు బాదం. ఏడేళ్ళ విత్తుకొట్టిన మగది, ఎర్ర గోధుమ రంగు, 15.1 హ్యాండ్ల ఎత్తు (ఒక హ్యాండ్ అంటే 4 అంగుళాలు).

బరువు చూడటానికి తూకం అక్కర్లేదు, టేపు చాలు:

1. మూపు వెనక నుంచి ముందుకాళ్ళ వెనకగా ఛాతీ చుట్టుకొలత: 74 అంగుళాలు.
2. భుజం ఎముక కొస నుంచి పిరుదు ఎముక కొస దాకా పొడవు: 66 అంగుళాలు.
3. చుట్టుకొలతని దానితోనే గుణించి, పొడవుతో గుణించి, 330తో భాగించాలి. 1,095 పౌండ్లు వచ్చింది. సెంటీమీటర్లలో కొలిస్తే 11,880తో భాగించాలి, అప్పుడు కిలోలు వస్తాయి.

మిగతావి: విశ్రాంతిలో గుండె నిమిషానికి 36 సార్లు. స్టెతస్కోపు ఎడమ మోచేతి వెనక పెట్టి, 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించాలి. ఒళ్ళు 1 నుంచి 9 దాకా ఉండే హెన్నెకె కొలమానంలో 7 దగ్గర. పక్కటెముకలు తడిమితే గాని దొరకవు, తోక మొదట్లో మెత్తటి కొవ్వు. పచ్చికలో తిని తిరిగిన గుర్రం అది, పనిచేసిన గుర్రం కాదు.

ఖర్చు: గుర్రం 5,200. కొనకముందు వెటర్నరీ పరీక్ష 380. టీకాలు, కాగిన్స్ రక్త పరీక్ష (గుర్రాల అంటు రక్తహీనత లేదని చూసేది) 165. కాగిన్స్ ఏడాదిలోపుది చేతిలో లేకపోతే ఏ ట్రయల్‌కీ రానివ్వరు.

ఇప్పటిదాకా: 5,745 డాలర్లు. గడ్డి, దాణా ఈ లెక్కలో వేయలేదు, పచ్చికని బట్టి అది ఒక్కో ఇంటికి ఒక్కోలా ఉంటుంది.

దశ 2. గిట్టలు, నడక (సెప్టెంబర్, అక్టోబర్)

వాకర్ అసలు నడకలో నాలుగు కాళ్ళూ విడివిడిగా, సమానమైన వ్యవధిలో పడతాయి: కుడి ముందుకాలు, ఎడమ వెనకకాలు, ఎడమ ముందుకాలు, కుడి వెనకకాలు. వెనక గిట్ట అదే పక్క ముందు గిట్ట వేసిన ముద్రని దాటి ముందుకి పడుతుంది. ఆ దాటు ఎంత ఉంటే నడక అంత సాఫీ. అదే గుర్రం బిగుసుకుంటే ఒక పక్క రెండు కాళ్ళూ కలిసి లేస్తాయి. అది పేస్. సవారీ చేసేవాడు అటూ ఇటూ ఊగిపోతాడు, గుర్రం నడుమూ అలిసిపోతుంది.

కొలవడానికి ఇలా చేశాను:

1. చదునైన చోట 200 గజాల దూరానికి రెండు కర్రలు పాతాను.
2. మధ్యలో పది అడుగుల మేర తడి ఇసుక పరిచాను, గిట్టల ముద్రల కోసం.
3. ఫోన్‌ని పక్క నుంచి నెమ్మది వీడియోలో పెట్టాను, కాళ్ళు పడే వరస చూడటానికి.

మొదటి ఫలితం: 200 గజాలు 93 సెకన్లలో, అంటే గంటకి 4.4 మైళ్ళు. ఆ వేగంలో నాలుగు చప్పుళ్ళూ శుభ్రంగా ఉన్నాయి. ట్రయల్‌లో కుక్కల వెంట సాగాలంటే కనీసం 6 మైళ్ళు కావాలి. 6కి తోస్తే పేస్‌లోకి జారిపోయింది. ముద్రల దాటు కుడి పక్క 7 అంగుళాలు, ఎడమ పక్క 4. ఈ మూడంగుళాల తేడా చాలా రోజులు బుర్ర తినేసింది. జవాబు దశ 3లో దొరికింది.

ముందు గిట్టలు. ముందుకాలి గిట్ట పొడవు నాలుగుంపావు అంగుళాలు ఉంది, కోణం వాలిపోయి ఉంది. గిట్ట పెంచితే నడక ఎత్తుగా వస్తుందని షో గుర్రాలకి అలా పెంచుతారు. ఈ జాతికి షో రంగం చేసిన అన్యాయం అంతా ఇంతా కాదు. మందుల మంటతో కాళ్ళకి నొప్పి పుట్టించి ఎత్తుగా అడుగులు వేయించే పనిని ఆపడానికి 1970లో అమెరికా కాంగ్రెస్ ఏకంగా చట్టమే తేవాల్సి వచ్చింది. పొలాల్లో, రాళ్ళలో, వాగుల్లో రోజంతా మనిషిని మోసుకుతిరగడానికి పుట్టిన జాతి ఇది. ట్రయల్ మైదానంలో వీటిని చూస్తే జాతి పరువు ఇంకా నిలబడే ఉందనిపిస్తుంది.

నాడాలు కొట్టే అతనితో మాట్లాడి రెండు విడతల్లో కోయించాం. ఒక్కసారే కోస్తే కాలి వెనక స్నాయువుల మీద లాగుడు మారిపోయి కుంటుతుంది. మొదటి విడతలో నాలుగుంపావు నుంచి మూడు ముప్పావుకి, ఆరు వారాల తర్వాత మూడున్నరకి. మామూలు తేలిక ఇనుప నాడాలు, కింద ప్యాడ్లు లేవు. గిట్ట తగ్గాక దిగుడులో తడబడటం దాదాపు పోయింది.

తర్వాత పేస్ విరగ్గొట్టడం. మొదట నోటి కళ్ళెం మార్చాను. పొడుగు కాడల కళ్ళెం తీసేసి, మధ్యలో విరిగే మామూలు స్నాఫిల్ పెట్టాను. తల ఎత్తి వీపు గుంట పెట్టుకుంటేనే పేస్ వస్తుంది. పగ్గం లాగిన కొద్దీ తల పైకే పోతుంది.

వారాల తరబడి చేసిన పని ఇది:

1. 20 నిమిషాలు వదులు పగ్గం మీద నెమ్మది నడక, తల మూపు కన్నా కిందికి దిగేదాకా.
2. నేలమీద పరిచిన ఆరు కర్రల మీదుగా నడిపించడం. కర్రల మధ్య దూరం సుమారు 3 అడుగులు, కానీ సమానంగా కాదు. సమానంగా ఉంటే కంఠతా పట్టేస్తుంది.
3. మెల్లటి ఎక్కుడు మీద నడక. దిగేటప్పుడు ఇంకా మెల్లగా.
4. చివర్లో మాత్రం కర్రల మధ్య 200 గజాలు, వేగం కొద్దికొద్దిగా పెంచుతూ. పేస్ వచ్చిన క్షణం ఆపకుండా నెమ్మది నడకకి దించడం, మళ్ళీ మొదలు.

కర్రల్లో మొదటి పది రోజులు నడక ఇంకా చెడింది. వీడియోలో ట్రాట్ లాంటి అడ్డ అడుగులు కనిపించాయి. పెద్దాయన చూసి, "అదే కావాలి. అటు వంగితేనే ఇటు మధ్యకొస్తుంది" అన్నారు. అక్టోబర్ నెలాఖరుకి 200 గజాలు 76 సెకన్లు, అంటే 5.4 మైళ్ళు, నాలుగు చప్పుళ్ళతో.

ఈ నడక నేర్పితే వచ్చేది కాదు. 2012లో స్వీడన్ శాస్త్రవేత్తల బృందం డీఎంఆర్‌టీ3 అనే జన్యువులో ఒక మార్పుని బయటపెట్టింది. పేస్, ఇలాంటి నాలుగు చప్పుళ్ళ నడకలు ఉన్న జాతుల్లో అది విస్తారంగా కనిపిస్తుంది. అంటే మనం చేసేది అడ్డం తొలగించడమే.

ఖర్చు: నాడాలు 130.

ఇప్పటిదాకా: 5,875 డాలర్లు.

దశ 3. జీను, బరువు (అక్టోబర్)

గుర్రంతో పాటు వచ్చిన వెస్టర్న్ జీనే అప్పటిదాకా వాడాను. అరగంట సవారీ తర్వాత జీను తీసి చూస్తే, వీపంతా చెమట పట్టి ఎడమ భుజం వెనక అరచేయంత పొడి మచ్చ. మా తాతగారు సాయంత్రం కాడి దించాక ఎద్దుల మెడ తడిమి చూసేవారు, ఎక్కడ రాసిందో పుండు కాకముందే తెలియాలని. ఇక్కడ పొడి మచ్చ చేసే పని అదే. ఒత్తిడి ఎక్కువైన చోట చెమట గ్రంథులు పనిచేయవు.

చేయి పెట్టి చూస్తే సంగతి తెలిసింది. జీను చెట్టు (జీను లోపలి గట్టి చట్రం) ముందు భాగం ఇరుకు, పైగా జీను రెండు వేళ్ళు ముందుకి కూర్చుంటోంది. వాకర్ భుజం వెనక్కి బాగా తిరుగుతుంది. ముందుకాలు చాపినప్పుడల్లా భుజం ఎముక జీను అంచుకి కొట్టుకుంటోంది. ఎడమ వైపు తడిపొడి తేడా ఎక్కువ, ఎడమ దాటు తక్కువ. రెండూ ఒకచోటికి వచ్చాయి.

ఇక బరువు. గుర్రం మోసేది ఒంటి బరువులో 20 శాతం దాటకూడదనేది ఇక్కడ అందరూ పట్టుకునే హద్దు. 1,095లో 20 శాతం అంటే 219 పౌండ్లు. నాది ఎంతైందో చూడండి:

బూట్లు, చాప్స్‌తో (కాళ్ళకి తొడిగే తోలు కవచం) నేను: 176
పాత జీను: 38
వీపు పరుపు: 5
సంచులు (కుక్కకి నీళ్ళు, తాళ్ళు, కుక్క జీపీఎస్ కాలర్ రిసీవర్, మందులు): 19
మొత్తం 238 పౌండ్లు, 21.7 శాతం.

వాడిన ట్రెయిల్ జీను ఒకటి దొరికింది, వెడల్పు చెట్టు, నైలాన్ గుడ్డ అంచులు, 22 పౌండ్లు. దాన్ని భుజం ఎముక వెనక మూడు వేళ్ళు వదిలి కూర్చోబెట్టాను. తంగుని ఒకేసారి బిగించకుండా మూడు విడతలుగా బిగిస్తున్నాను. ఎక్కుడుల్లో వెనక్కి జారకుండా రొమ్ము పటకా. పరుపు 4 పౌండ్లది, సంచులు 12కి దించాను. మొత్తం 214.

మూడు వారాల తర్వాత ముద్రలు మళ్ళీ కొలిచాను: కుడి 10, ఎడమ 9 అంగుళాలు. గిట్టా, కర్రలూ ఎంత చేసినా పోని తేడాలో ఎక్కువ భాగం జీను మార్చగానే పోయింది. ఈ డైరీలోంచి ఒక్కటే తీసుకుంటానంటే ఇది తీసుకోండి: నడక వంకరైతే ముందు వీపు చూడండి.

ఖర్చు: జీను 850, పరుపు 140. పాత జీను అమ్మితే 300 వచ్చింది.

ఇప్పటిదాకా: 6,565 డాలర్లు. వీపు మీద 214 పౌండ్లు, 19.5 శాతం.

దశ 4. నిలబడటం (అక్టోబర్ నుంచి, ఇంకా సాగుతోంది)

ట్రయల్‌లో హ్యాండ్లర్ దిగితే గుర్రాన్ని పట్టుకోవడానికి స్కౌటో, గుంపుని అదుపులో ఉంచే మార్షలో ఉంటారు. వేటలో ఒంటరిగా ఉంటే పగ్గం నేలకి జారవిడిచి పొదలోకి నడిచిపోవాలి. తిరిగొచ్చేసరికి గుర్రం అక్కడే ఉండాలి. లేకపోతే నాలుగు మైళ్ళు నడక మనది.

కొలత కోసం ముందు గిట్టల చుట్టూ సున్నంతో గీత గీశాను. గిట్ట గీత దాటిన క్షణం గడియారం ఆపేది.

1. కళ్ళెం పట్టీల కింద హాల్టర్ (కట్టేయడానికి తలకి తొడిగేది), దానికి 22 అడుగుల తాడు. పగ్గం నేలకి వదిలి రెండడుగులు వెనక్కి.
2. గిట్ట దాటితే అరుపు లేదు, కొట్టడం లేదు. అదే గీతలోకి, అదే గిట్ట తిరిగి పెట్టించడం.
3. నిలబడితే మెడ మీద నిమరడం, అంతే. తిండి ఇవ్వలేదు. తిండి ఇస్తే చేతి వెంట నడిచొస్తుంది.

మొదట్లో 40 సెకన్లు. నెలకి ఆరు నిమిషాలు. అప్పుడు మా పాయింటర్ చిట్టిని వదిలాను. కుక్క పొట్ట కిందుగా దూసుకెళ్ళింది. 20 సెకన్లకి గుర్రం మూడు గజాల అవతల ఉంది.

నిలబడటమనేది ఒక్క విద్య కాదని తెలిసింది. మనిషి పక్కన ఉంటే నిలబడటం, మనిషి కనపడకపోతే నిలబడటం, కుక్క కదులుతుంటే నిలబడటం, పక్క గుర్రం వెళ్ళిపోతుంటే నిలబడటం. నాలుగూ నాలుగు పాఠాలు. ఒకదానిలో ఆరు నిమిషాలు వచ్చినా ఇంకోదానిలో సున్నా నుంచే మొదలు. అందుకే కుక్కని మొదట 60 అడుగుల దూరంలో గొలుసుకి కట్టి, వారం వారం దగ్గరికి జరిపాను. పొట్ట కిందికి రావడం చివరి మెట్టు.

డిసెంబర్ నాటికి కుక్క వదులుగా తిరుగుతుంటే నాలుగు నిమిషాలు, నేను పొద వెనక కనపడకుండా ఉంటే రెండున్నర.

దశ 5. పేలుడు (నవంబర్)

పిస్తోలు .22 ఖాళీ తూటాలది. ట్రయల్స్‌లో .32 ఎక్కువగా వినిపిస్తుంది, అది ఇంకా గట్టిగా మోగుతుంది. చిన్నదానితో మొదలుపెట్టాను. పేల్చేది మా బావమరిది, పట్టుకునేది నేను. ఇద్దరికీ చెవి మూతలు.

మొదట కొట్టం వెనక మొదలుపెట్టాం, 120 గజాల దూరంలో. గుర్రం తినడం ఆపి తల ఎత్తింది, గుండె 64. మర్నాడు 68. మూడో రోజూ తగ్గలేదు. బావమరిది రేకుల కప్పు వైపు చూపించి, "బావా, నేనొక్కసారి పేలిస్తే దానికి రెండుసార్లు వినిపిస్తోంది" అన్నాడు. రేకులకి తగిలి చప్పుడు తిరిగొస్తోంది, అదీ గుర్రానికి వెనక నుంచి. ఈ పనిని అటూ ఇటూ ఏమీ లేని గడ్డి మైదానంలోకి మార్చాం, అదే 120 గజాలకి గుండె 52.

అక్కడి నుంచి నియమం ఇది:

1. గుర్రం ముందు గడ్డి. తింటున్నప్పుడే పేల్చడం.
2. పేలాక తిరిగి నమలడం మొదలుపెట్టేదాకా రెండో తూటా లేదు.
3. పేలిన వెంటనే కొలిచిన గుండె 44 లోపుంటేనే మర్నాడు 10 గజాలు ముందుకి.
4. 44 దాటితే అక్కడే. రెండు రోజులు దాటితే 20 గజాలు వెనక్కి.

60 గజాల దగ్గర బాగా ఆగిపోయాం. బావమరిది ఆతృతగా, "ఇంకో పది గజాలు రానా బావా? చెవి కూడా ఆడించడం లేదు చూడు" అనేవాడు. చెవి కదలకపోయినా గుండె 56 చెబుతోంది. "ఉండరా, పైకి కనిపించేది వేరు, లోపల జరిగేది వేరు" అని అక్కడే ఉంచాను. స్టెతస్కోపు లేకపోతే ముందుకి వెళ్ళిపోయేవాళ్ళమే. డిసెంబర్ మొదట్లో 15 గజాలకి వచ్చాం, గుండె 42. తర్వాత .32తో మళ్ళీ 80 నుంచి.

జీను మీద కూర్చుని పేల్చడం ఇందులో లేదు. దిగాకే పేల్చాలి. వేటకి షాట్‌గన్ తీసుకెళ్తే, గుర్రం మీద ఉన్నంతసేపూ తూటాలు తీసేసి తోలు ఒరలోనే.

ఖర్చు: పిస్తోలు, తూటాలు 125, నాడాలు 130.

ఇప్పటిదాకా: 6,820 డాలర్లు.

దశ 6. కుక్క, తాడు (డిసెంబర్)

కుక్కలకి ఒంట్లో సత్తువ రావడానికి జీను ముందు పొడుచుకొచ్చే కొమ్ముకి తాడు వేసి, భుజాలకి పటకా కట్టి లాగిస్తారు. దీన్ని రోడింగ్ అంటారు. గుర్రానికి కొమ్ము మీద పక్కకి లాగుడు, కాళ్ళ దగ్గర తాడు, రెండూ కొత్త.

మొదట చెట్టు దుంగ ఈడ్చించాను, తర్వాత పాత టైరు. తర్వాత బావమరిది తాడు పట్టి కుక్కలా ముందుకీ పక్కకీ లాగాడు. అన్నీ సాఫీగా సాగాయి. చిట్టిని కట్టాక, అది కుందేలు వాసనకి వెనక్కి తిరిగింది. 15 అడుగుల తాడు తోక కిందికి పోయింది. గుర్రం తోక బిగించి తాడుని పట్టేసింది, గిర్రున తిరిగింది. కొమ్ముకి తాడు ముడి వేయకుండా రెండు చుట్లు మాత్రమే చుట్టి ఉండటంతో వదిలేయగలిగాను. ఎవరికీ ఏం కాలేదు.

మార్చినవి:

1. తాడు 9 అడుగులు. కుక్క వెనక్కి తిరిగినా తోక కిందికి పోయేంత వదులు మిగలదు.
2. కుక్క వైపు కొసకి, బరువు పడుతున్నా తెరుచుకునే ప్యానిక్ స్నాప్.
3. కొమ్ముకి ఎప్పుడూ ముడి లేదు, చుట్లే.
4. నేలమీద నిలబెట్టి, మెత్తటి నూలు తాడుతో వెనకకాళ్ళ లోపల, తోక కింద రోజూ రాయడం. తోక వదులు చేసేదాకా తాడు తీయలేదు.

నాలుగోదే అసలు మందు. మూడు వారాల తర్వాత తాడు తోక కిందికి కావాలని వేసినా, గుర్రం నిలబడి తల తిప్పి చూసింది.

దశ 7. పిట్టలు లేవడం (డిసెంబర్, జనవరి)

గడ్డిలో దాచిన రిమోట్ పెట్టెలో పావురం పెట్టి, బటన్ నొక్కితే పైకి ఎగిరేది. మొదట ఖాళీ పెట్టె చప్పుడు, తర్వాత ఒక పావురం, 40 గజాల నుంచి 10 గజాల దాకా. బాదం దీన్ని త్వరగానే ఒప్పుకుంది.

నిజం పిట్టలు వేరే పరీక్ష పెట్టాయి. జనవరిలో ఒక పొలం గట్టు దగ్గర, బ్రూమ్‌సెడ్జ్ గడ్డిలో, కుక్క పాయింట్ పెట్టకముందే పన్నెండు దాకా కౌజు పిట్టలు గుర్రం ముందుకాళ్ళ మధ్య నుంచి లేచాయి. గుంపు లేచే చప్పుడు చెవికి కాదు, ఛాతీకి తగులుతుంది. గుర్రం ఎడమకి తిరిగింది, నేను కుడి రికాబులో మిగిలాను.

ఒక పావురం ముందు నుంచి లేవడం, డజను పిట్టలు కింద నుంచి నలుదిక్కులా లేవడం ఒకటి కాదు. అందుకని ప్లాస్టిక్ దాణా సంచులు ఎనిమిది, ఒకే తాడుకి కట్టి గడ్డిలో దాచి, మేం దగ్గరికి రాగానే మా ఆవిడ ఒక్కసారిగా లాగేది. మొదట గుర్రం పక్కన నేలమీద నేను నిలబడి, తర్వాత జీనులో. గుర్రం తిరిగిపోతే వెంటనే చప్పుడు వైపే ముఖం తిప్పించి నిలబెట్టడం. పారిపోతే భయం తగ్గిందని దానికి అనిపించకూడదు, చూస్తే తగ్గిందనిపించాలి. తర్వాత రెండు పెట్టెల్లో పావురాలు ఒకేసారి.

ఇంకో మార్పు నా వైపు: కుక్క పాయింట్ పెడితే 20 గజాల ముందే దిగిపోతున్నాను. గుర్రాన్ని పిట్టల మీదికి తోలుకెళ్ళాల్సిన పనే లేదు.

ఖర్చు: వాడిన పెట్టె 260, పావురాలు 60, పటకా, తాళ్ళు, స్నాప్‌లు 75.

ఇప్పటిదాకా: 7,215 డాలర్లు.

మధ్యలో బరువు లెక్క మారింది. పనితో ఛాతీ చుట్టుకొలత 73కి దిగింది, బరువు 1,066 పౌండ్లు, కొలమానంలో ఐదున్నర. అంటే 20 శాతం హద్దు 213కి వచ్చింది, నేను 214 ఎక్కిస్తున్నాను. ఒక నీళ్ళ సీసా తీసేశాను. వీపు మీద 209 పౌండ్లు, 19.6 శాతం. గుర్రం చిక్కితే మోసే హద్దు కూడా చిక్కుతుంది, టేపు నెలకోసారి పట్టండి.

నడక: 200 గజాలు 68 సెకన్లు, గంటకి 6 మైళ్ళు. దాటు రెండు పక్కలా 11 అంగుళాలు.

దశ 8. గుంపులో (ఫిబ్రవరి)

ఏమ్స్‌లో నేషనల్ జరిగేటప్పుడు ప్రేక్షకులు సొంత గుర్రాల మీద వెంట నడవచ్చు. జడ్జీల వెనక, మార్షళ్ళ మాట వింటూ. ముందు ఊళ్ళో ఒక చిన్న అమెచ్యూర్ ట్రయల్‌లో గుంపు వెనక నడిపించాను. అరగంట జతలు, పాతిక గుర్రాలు. కుక్కలు, పేలుళ్ళు, పిట్టలు దేనికీ బాదం చెదరలేదు. ముందు గుర్రాలు కాంటర్‌లో (మెల్లటి దౌడులో) వాగు దాటి వెళ్ళిపోతే మాత్రం కాళ్ళు నేలకి తగలనీయలేదు. దశ 4లో నాలుగో పాఠం, పక్క గుర్రం వెళ్ళిపోతుంటే నిలబడటం, ఒంటరి పొలంలో నేర్పలేనిది అదే.

పెద్దాయన తన గుర్రంతో వచ్చి రోజూ సాయంత్రం ఒక గంట ఇచ్చారు. పక్కపక్కన నడిచి, చీలిక దగ్గర ఆయన కుడికి, నేను ఎడమకి. మొదట 30 గజాలు విడిపోయి కలవడం. తర్వాత ఆయన కాంటర్‌లో కొండ దాటి కనపడకుండా పోవడం, నేను అక్కడే నిలబడటం. "తిరిగి కలుస్తాం అని దానికి నమ్మకం రావాలి" అనేవారు.

ఏమ్స్‌లో మధ్యాహ్నం జత వెంట వెళ్ళాను. మూడు గంటలూ నడకలోనే, రెండు చోట్ల మాత్రం కాంటర్. గుంపు చివర్లోనే ఉన్నాను, మార్షల్ దగ్గర అనుమతి తీసుకుని కావాలని రెండుసార్లు వెనకబడి నిలబడ్డాను. మొదటిసారి నేల తవ్వింది, రెండోసారి నిలబడింది. జత అయిపోయిన పది నిమిషాలకి గుండె 56. ఓర్పు పందేల్లో 60 దగ్గర హద్దు పెట్టుకుంటారు, దానికి లోపలే ఉంది. జీను తీస్తే వీపంతా ఒకేలా తడి.

అక్కడే ఒక విషయం చూశాను. కుక్క మెడలో జీపీఎస్ కాలర్ ఉంటుంది కానీ రిసీవర్ హ్యాండ్లర్ దగ్గర ఉండదు. అడిగి తీసుకున్నాడంటే ఆ కుక్క పోటీ అక్కడితో అయిపోయినట్టే. కుక్క కనపడకపోతే స్కౌట్ జడ్జీకి చెప్పి, గుంపుని వదిలి ఒక్కడే వెతకడానికి పోవాలి. కాబట్టి స్కౌట్ గుర్రానికి నడకా, నిలబడటమూ కాక ఇంకోటి కావాలి: గుంపుకి ఎదురు దిక్కున, ఒంటరిగా, వేగంగా వెళ్ళడం. బాదం ఇంకా అక్కడికి రాలేదు. గుంపుని వదిలి 150 గజాలు పోతే సకిలిస్తుంది, 300 దాటితే వెనక్కి తిరగాలని లాగుతుంది.

ఖర్చు: నాడాలు 130, పెట్రోలు 70. ట్రెయిలర్ పెద్దాయనది.

ఇప్పటిదాకా: 7,415 డాలర్లు.

మార్చి

నాడాలు తీయించాం, వేసవంతా ఉత్త గిట్టలతోనే. వసంతంలో పచ్చిక ఎగబడి పెరిగే కాలం కాబట్టి పగలు సగం పూట మాత్రమే మేతకి వదులుతున్నాను, 73 అంగుళాలు మళ్ళీ 74 కాకుండా.

స్కౌట్ పాఠానికి పెట్టుకున్న మెట్లు:

1. 150 గజాల దగ్గర, సకిలించకముందే ఆపి నిలబెట్టడం. సకిలించాక ఆపితే ఉపయోగం లేదు.
2. అక్కడ పెద్దాయన కుక్కని ముందే కట్టి ఉంచుతారు. వెళ్ళిన చోట ఏదో దొరుకుతుందని గుర్రానికి తెలియాలి.
3. కుక్కని తాడుకి తగిలించుకుని గుంపు దగ్గరికి నడకలోనే రావడం, కాంటర్ లేకుండా.
4. మూడు రోజులు వరసగా సకిలింపు లేకపోతే 25 గజాలు ముందుకి.

ఇప్పటికి 175 గజాల దగ్గర ఉన్నాం.